ఎన్నింటికి అని అడిగే మనిషి

నేను అక్కా అని పిలిచే ఆవిడ పోయిందని ములింగార్ నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పినప్పుడు నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట "ఎన్నింటికి?" అని. ఆ అమ్మాయి ఇక్కడే, ఐర్లండులోనే పెరిగింది. తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు ఇంగ్లీషులోనే వస్తుంది.  "మమ్ కూడా అదే అడిగేది ఆంటీ" అంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. ఉదయం తొమ్మిది పదికట.

డబ్లిన్ పక్కన స్వోర్డ్స్‌లో మా వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఆ అంకెను కాగితం మీద రాసుకున్నాను. ఎందుకు రాసుకున్నానో నాకే తెలియదు. ఆవిడ పక్కన ఏడేళ్ళు బతికిన వాళ్ళకి ఆ అలవాటు అంటుకుంటుంది.

ఎవరు ఏం చెప్పినా ఆవిడ మొదటి ప్రశ్న అదే. ఉత్తరం వచ్చిందక్కా అంటే, ఎన్నింటికొచ్చింది. పాస్టరుగారు ఫోన్ చేశారంటే, ఎన్నింటికి చేశారు. ఫ్రిజ్‌లో పెట్టిన ప్రతి కూర డబ్బా మీదా వండిన రోజు, గంట రాసిన చీటీ ఉండేది. ఎడమ మణికట్టు లోపలి వైపు ఎప్పుడూ బాల్‌పెన్‌తో రాసిన అంకెలు రెండో మూడో కనపడేవి. నర్సులం కదా, ఉద్యోగపు అలవాటు ఇంటిదాకా వచ్చిందని మొదట్లో అనుకున్నాను.

బాపట్ల మనిషి. పొట్టిగా, భుజాలు బలంగా ఉండేది. ఎడమ మోకాలు నొప్పి. అందుకని మెట్లు దిగేటప్పుడు ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి ఆగేది. ఇక్కడి వాళ్ళు బాగుంది అని చెప్పడానికి అన్నింటికీ వాడే "గ్రాండ్" అనే మాటను ఆవిడ కూడా నేర్చుకుంది కానీ సంతోషానికి వాడేది కాదు. డ్యూటీల రోస్టర్‌లో మూడు ఆదివారాలు వరసగా తన పేరు పడితే "గ్రాండే మరి" అనేది. వాన కురుస్తూ ఉండగా బస్సు రాకపోతే "గ్రాండ్" అనేది. ఆ మాటను అంత చేదుగా పలికిన మనిషిని ఐర్లండు మొత్తం మీద నేను ఇంకొకరిని చూడలేదు.

ఆదివారం సాయంత్రాలు ములింగార్‌లో మేమిద్దరం కలిసి ఉన్న ఇంటి ముందుగదిలో నాలుగు తెలుగు కుటుంబాలు ప్రార్థనకు చేరేవి. అందరం కలిసి చెప్పే ప్రార్థనలో మాకు అన్యాయం చేసినవాళ్ళను మేము క్షమించినట్టే మమ్మల్ని క్షమించు అనే వాక్యం రాగానే ఆవిడ పెదవులు మూసుకునేది. ఆ వాక్యం దాటాక మళ్ళీ అందరితో గొంతు కలిపేది. ఒకసారి పాస్టరుగారు గమనించి అడిగారు. "అబద్ధం చెప్పి ప్రార్థన చెయ్యకూడదు కదండీ" అంది. ఆయన ఇంకెప్పుడూ అడగలేదు.

నేను ఒంగోలు నుంచి ఆవిడ తర్వాత మూడు నెలలకు వచ్చాను. ఇద్దరం ములింగార్ బయట ఒక వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో పనిచేసేవాళ్ళం. ఊరి చివర కొత్తగా కట్టిన ఇళ్ళ ఎస్టేట్‌లో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని కలిసి ఉన్నాం. మా వీధి అవతల ఇంకో వీధి, దాని అవతల క్రేన్లు. ఆ రోజుల్లో ఐర్లండులో ప్రతివాడూ ఇల్లు కడుతూ ఉండేవాడు, లేదంటే విమానం ఎక్కుతూ ఉండేవాడు. మాతో పనిచేసే కేరర్లు, అంటే ఆయాల్లాంటి సహాయకులు, శుక్రవారం సూట్‌కేసుతో డ్యూటీకి వచ్చి అటునుంచి అటే స్పెయిన్ వెళ్ళేవాళ్ళు, మంగళవారం ఎండకు ముక్కులు కందిపోయి తిరిగొచ్చేవాళ్ళు. మేమిద్దరం మాత్రం వాళ్ళ షిఫ్టులు చేసేవాళ్ళం.

ఇక మేట్రన్, మా అందరి పైన ఉండే పెద్ద నర్సు. ఆమె ఇంగ్లండులో సౌత్‌పోర్ట్ అనే సముద్రతీరపు ఊరి మనిషి. ఐరిష్ మొగుణ్ణి చేసుకుని వచ్చి, ఆయన పోయాక కూడా ఉద్యోగం కోసం ఉండిపోయింది. చాలా మెత్తటి గొంతు. మనం అమ్మా అన్నట్టు అందరినీ "లవ్" అని పిలిచేది. నేను రాకముందే వెళ్ళిపోయిన ఇంకో నర్సు పేరుతో నన్ను ఉన్నన్నాళ్ళూ పిలిచింది. నా పేరు ఇది కాదండీ అని నాలుగుసార్లు చెప్పాను. "అవును కదా లవ్" అని మర్నాడు మళ్ళీ అదే పేరు. ఇక్కడ నర్సుగా పేరు నమోదు కావాలంటే కొన్ని వారాలు ఒకరి పర్యవేక్షణలో పనిచెయ్యాలి. ఆ వారాల చివర నా రిపోర్టులో ఆమె "పనిలో నెమ్మది" అని రాసింది. దాంతో ఇంకో మూడు నెలలు కేరర్‌గా పక్కలు మార్చాను. నా పగ చిన్నదే. చిన్నది కదా అని అది చల్లారలేదు. ఇప్పటికీ ఎవరైనా నన్ను వేరే పేరుతో పిలిస్తే చెవులు వేడెక్కుతాయి.

అక్క పగ వేరు. దాన్ని ఆవిడ నాకు చెప్పింది మేట్రన్ రిటైరై సౌత్‌పోర్ట్ వెళ్ళిపోయాక. ఉల్లిపాయలు తరుగుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"నేనొచ్చిన ఏడాది ఆగస్టులో, బ్యాంక్ హాలిడే వారం, అందరికీ సెలవులు. మా నాన్నకి గుండెపోటు వచ్చింది. మా తమ్ముడు నర్సింగ్ హోమ్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. నాకప్పుడు సెల్ లేదుగా. శుక్రవారం పదకొండు నలభైకి. నాన్న అడుగుతున్నాడు, అక్కని ఒక్కసారి ఫోన్ దగ్గరికి పిలవండి అన్నాడంట. శనివారం రెండుసార్లు చేశాడు. ఆయన శనివారం రాత్రి పోయాడు. ఆ రోజు రెండో ఫోన్ ఆ సంగతి చెప్పడానికే."

"నీకు చెప్పలేదా?"

"ఆదివారం డ్యూటీ అయిపోయినాక, సాయంత్రం ఏడింటికి చెప్పింది. ఆఫీసులో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, వాటేసుకుని, 'ఇప్పుడే వచ్చింది లవ్ కబురు' అంది. నేను ఆమె భుజం మీదే ఏడిచాను. ఆమెకి థాంక్స్ కూడా చెప్పాను. తర్వాత నెలలో ఆఫీసులో ఫైలు కోసం వెతుకుతుంటే మెసేజ్‌ల పుస్తకం కనపడింది. మూడు ఫోన్లూ టైములతో సహా రాసున్నాయి. మూడింటి పక్కనా ఆమె పొట్టి సంతకం ఉంది."

"ఎందుకలా చేసింది?"

"సెలవు వారం. మనుషుల్లేరు. నాకు చెప్తే నేను డ్యూటీ వదిలేసి పోతానని." కత్తి పక్కన పెట్టి ముక్కలన్నీ గిన్నెలోకి తోసింది. "పోయినా అందేదాన్ని కాదులే. విమానం దొరికి, దిగి, బాపట్ల చేరేసరికి అయిపోయేది. కానీ ఫోన్లో నా గొంతు వినేవాడు. మా తమ్ముడు ఆస్పత్రి ఫోన్ దగ్గర బల్ల మీద కూర్చుని నా కోసం ఎదురు చూశాడమ్మాయ్. రెండు రోజులు."

అడిగితే మేట్రన్ ఏమనేదో నాకు తెలుసు. అక్క అడగలేదు. అప్పటికి ఆవిడ రిజిస్ట్రేషన్ మేట్రన్ సంతకం మీద ఆధారపడి ఉంది. భర్తనీ కూతురినీ రప్పించుకోవాలి. నోరు మూసుకుని నాలుగేళ్ళు పనిచేసింది. రిటైర్మెంట్ పార్టీలో మేట్రన్‌కి పూలగుత్తి ఇచ్చింది కూడా ఆవిడే. మేట్రన్ ఆవిడ బుగ్గ మీద ముద్దు పెట్టి, "సౌత్‌పోర్ట్‌కి రావాలి నువ్వు, మా సముద్రం చూడాలి" అంది.

"వస్తాను" అంది అక్క. ఆ మాట ఎలా అందో నేను విన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

మరుసటి వసంతంలో చర్చి నోటీసు బోర్డు మీద కాగితం కనపడింది. జూన్ బ్యాంక్ హాలిడేకి ఇంగ్లండు సముద్రతీరపు ఊళ్ళకు బస్సు యాత్ర. డబ్లిన్ నుంచి ఓడ, సౌత్‌పోర్ట్‌లో రెండు రాత్రులు, బ్లాక్‌పూల్‌లో ఒకటి. హాయిగా విశ్రాంతి తీసుకోండి అని పైన పెద్ద అక్షరాలు. అక్క ఆ కాగితం ముందు నిలబడి చాలాసేపు చదివింది. మాకు ఇంగ్లండు వెళ్ళాలంటే వేరే వీసా కావాలి, తిరిగి రావడానికి ఇంకోటి కావాలి. ఐరిష్ వాళ్ళు పక్కింటికి వెళ్ళినట్టు వెళ్ళే చోటికి మాకు రెండు నెలల కాగితాలు పట్టాయి. ఆహ్వాన పత్రం మేట్రనే రాసి పంపింది. "నా బంగారు పిల్లలు" అని రాసింది అందులో.

ఓడ మీద అక్క డెక్ చివర నిలబడి తన పథకం చెప్పింది. శనివారం మధ్యాహ్నం మూడింటికి మేట్రన్ తన చర్చి స్నేహితురాళ్ళను టీకి పిలిచింది, ఐర్లండు నుంచి వచ్చిన తన నర్సులను చూపించడానికి. "అప్పుడు చెప్తాను. వాళ్ళందరి ముందు. ఆ మూడు టైములూ చెప్తాను. ఆమె కప్పు పట్టుకుని ఉండగా చెప్తాను."

నాకు ఒళ్ళు పులకరించింది. అబద్ధం ఎందుకు, ఆ ప్రయాణంలో నేను చూడాలనుకున్నది సముద్రాన్ని కాదు, మేట్రన్ ముఖాన్ని.

సౌత్‌పోర్ట్‌లో సముద్రం లేదు. అంటే ఉంది కానీ కనపడదు. నీళ్ళు వెనక్కి తీసినప్పుడు మైలు దూరం ఇసుకే. తీరం పొడవునా పూలమొక్కలు, బెంచీల మీద దుప్పట్లు కప్పుకున్న ముసలివాళ్ళు, చేతుల్లో ఐస్‌క్రీములు. అక్క రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు వెతికింది.

"మా సూర్యలంకలో సముద్రం ఉన్నచోటే ఉండిద్ది. ఇదేందమ్మా, ఇక్కడ సముద్రం కూడా మనుషుల్ని తప్పించుకుని పారిపోద్ది" అంది.

శనివారం పొద్దున మేట్రన్ ఇంటికి వెళ్ళాం. తీరానికి రెండు వీధుల వెనక చిన్న ఇల్లు, ముందు గులాబీలు. ఆమె బాగా సన్నబడింది. మమ్మల్ని చూసి నిజంగా సంతోషపడింది. అదే నాకు మరీ మండింది. నన్ను ఆ పాత పేరుతోనే పిలిచింది. అతిథుల కోసం కోడికూర, బగారా అన్నం చేస్తానని అక్క ముందే ఉత్తరంలో రాసింది. వంటిల్లు మాకు అప్పజెప్పి, కుక్కను తిప్పుకురావడానికి మేట్రన్ ఇసుక వైపు బయల్దేరింది. గుమ్మంలో ఆగి, "ఫోన్ మోగితే తియ్యి లవ్. మా చెల్లెలు పక్కూళ్ళో, ప్రెస్టన్ ఆసుపత్రిలో ఉంది. నిన్న బాగానే ఉంది కానీ, ఎందుకైనా మంచిది" అంది.

కూర పొయ్యి మీద ఉండగా ఫోన్ మోగింది.

అక్కే తీసింది. విన్నది. ఒక్కసారి "యెస్" అంది, ఒక్కసారి "ఐ విల్ టెల్ హర్" అంది. పెట్టేసి, గోడ గడియారం చూసి, పక్కనున్న ప్యాడ్ మీద రాసింది. ఆసుపత్రి వాళ్ళు. చెల్లెలి పరిస్థితి ఒక్కసారిగా దిగజారింది. స్పృహలో ఉంది, మేట్రన్‌ను అడుగుతోంది. వెంటనే రావాలి. దాని పైన రాసిన టైము పదకొండు ఇరవై.

ఆ చీటీ చేతిలో పట్టుకుని ఆవిడ కదల్లేదు. గిన్నెలో కూర ఉడుకుతున్న చప్పుడు వినపడుతోంది. ఆవిడ ముఖంలో నాకేమీ కనపడలేదు.

అప్పుడు నేను అన్నాను. ఈ ముక్క రాయకుండా ఆవిడ గురించి రాస్తే అది దొంగతనం అవుతుంది.

"ఉంచెయ్యక్కా. మూడింటికి అందరూ వచ్చాక ఇద్దువుగాని. ఇప్పుడే వచ్చిందని చెప్పు."

ఆవిడ నా వైపు తిరిగి చూసింది. కోపంగా కాదు. వార్డులో ఒక కొత్త పేషెంటును తలనుంచి కాళ్ళదాకా చూసినట్టు చూసింది. తర్వాత, "పొయ్యి కట్టెయ్యి" అంది.

ఏప్రన్ కూడా విప్పలేదు. మెట్లు ఒక్కొక్కటే దిగే మనిషి ఆ గుమ్మం మూడు మెట్లూ ఒక్క ఊపున దిగింది. వీధి దాటింది, తీరపు రోడ్డు దాటింది, ఇసుకలోకి దిగింది. నేను వెనక పరిగెత్తాను. దూరంగా మేట్రన్ ఒక చుక్కలా, పక్కన కుక్క ఇంకా చిన్న చుక్కలా కనపడుతున్నారు. తడి ఇసుకలో కాలు దిగబడుతోంది. ఎడమ కాలు ఈడ్చుకుంటూ, ఒక చేత్తో తొడ నొక్కి పట్టుకుని, ఆవిడ పరిగెత్తుతూనే ఉంది. బెంచీల మీది ముసలివాళ్ళు తలలు తిప్పి చూశారు. రెండుసార్లు మోకాలి మీద పడి లేచింది. పిలిస్తే గాలికి వినపడదు.

అందుకునేసరికి ఆవిడ ఆయాసంతో వంగిపోయింది. చీటీ చేతికిచ్చింది. మేట్రన్ చదివింది. ముఖం తెల్లబడింది.

"ఎప్పుడు వచ్చింది?"

"పదకొండు ఇరవైకి. ఇప్పుడు పదకొండు ముప్ఫై ఏడు." అక్క నిటారుగా నిలబడింది. ఇంగ్లీషులో ఆవిడ ఎప్పుడూ వెతుక్కుంటూ మాట్లాడేది, ఆ రోజు ఒక్క మాట కూడా తడుముకోలేదు. "ఆ పదిహేడు నిమిషాలు ఇక్కడిదాకా రావడానికే పట్టాయి. మా నాన్న గురించి మొదటి ఫోన్ శుక్రవారం పదకొండు నలభైకి వచ్చింది. శనివారం ఇంకో రెండు వచ్చాయి. మీరు నాకు ఆదివారం ఏడింటికి ఇచ్చారు. ఇప్పుడే వచ్చిందని చెప్పారు."

 కుక్క ఇద్దరి చుట్టూ తిరుగుతోంది.

"మనుషులు లేరు, లవ్. సెలవు రోజులు. ముప్ఫై రెండు మంది పేషెంట్లు..."

"తెలుసు. వాళ్ళని చూసుకున్నది నేనే."

ఆమె ఏడవడం మొదలుపెట్టింది. అక్క చెయ్యి చాపి కుక్క తాడు తీసుకుంది.

"ఇప్పుడు కాదు. ప్రెస్టన్ వెళ్ళండి. ఆమె అడుగుతోంది. కుక్కని నేను చూస్తాను."

మేట్రన్ ఇసుకలో తూలుతూ వెళ్ళిపోయింది. నేను చూడాలనుకున్న ముఖం చూశాను. అనుకున్నంత తియ్యగా లేదు. అయినా నేను కళ్ళు తిప్పుకోలేదు.

మూడింటికి స్నేహితురాళ్ళు ఐదుగురు వచ్చారు. అప్పటికే కూర పూర్తయింది. అక్క మోకాలికి కట్టు కట్టుకుని వాళ్ళకు వడ్డించింది. మేట్రన్ ఎందుకు లేదో చెప్పింది. వాళ్ళు అయ్యో అన్నారు, కూర బాగుందన్నారు. వాళ్ళలో ఒకామె, "ఆమె దగ్గర పనిచెయ్యడం మీ అదృష్టం. మంచి మేట్రనే కదా?" అని అడిగింది.  వాళ్ళ చేతుల్లో కప్పులున్నాయి. అక్క అనుకున్న ఘడియ అదే.

"రోస్టర్‌లో ఒక్క గడి కూడా ఖాళీ ఉండనిచ్చేది కాదు" అంది అక్క.

వాళ్ళు మెచ్చుకోలుగా తలలూపారు.

ఆదివారం బ్లాక్‌పూల్‌లో ఆవిడ బెంచీ మీద కూర్చుని చేపా బంగాళాదుంప వేపుడూ తిన్నది, కాగితం మడతలో మిగిలిన ఉప్పు కూడా వేలితో అద్దుకుని తిన్నది. ఎండలో కళ్ళు మూసుకుని గంటసేపు నిద్రపోయింది. ఆవిడ పగటిపూట నిద్రపోవడం నేను చూసింది అదొక్కసారే. తిరుగు ఓడలో ఉండబట్టలేక అడిగాను, ఆ చీటీ ఎందుకిచ్చావక్కా అని.

"ఆమె చెల్లెలు నాకేం చేసింది?" అంది. నీళ్ళ వైపు తిరిగి, "నువ్వన్న మాట నేను విన్లేదనుకుంటాను" అంది.

ఆ తర్వాత, ఆవిడ భర్తా కూతురూ వచ్చేదాకా, మేమిద్దరం అదే ఇంట్లో ఇంకో రెండేళ్ళు ఉన్నాం. ఆవిడ దాన్ని మళ్ళీ ఎత్తలేదు. నన్ను ఒక మాట అనలేదు. విన్లేదనుకోవడానికి ఆవిడ ఎంత కష్టపడిందో నాకు తెలుసు, ఎందుకంటే ఆవిడ దేన్నీ మర్చిపోయే మనిషి కాదు.

చెల్లెలు ఆదివారం ఉదయం పోయిందని మేట్రన్ ఉత్తరం రాసింది. శనివారమంతా చెయ్యి పట్టుకుని కూర్చున్నానని, ఇద్దరం చిన్నప్పటి సంగతులు చెప్పుకున్నామని రాసింది. అక్టోబరులో తనే వచ్చింది. ఓడ ఎక్కి, డబ్లిన్ నుంచి రైలెక్కి, వానలో తడిసి మా ఎస్టేట్‌లో ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఒకేలాంటి ఇళ్ళు కదా, రెండు తలుపులు తప్పు తట్టిందట.

అక్క ఆమె కోటు తీసి రేడియేటర్ మీద ఆరేసింది. టీ పెట్టింది. ఆమె టీలో పాలు ఎంత పోసుకుంటుందో గుర్తుంచుకుని అంతే పోసింది. మేట్రన్ కప్పు ముట్టుకోలేదు.

"నేను చేసింది తప్పు. ఆ రోజే తెలుసు నాకు. నన్ను క్షమించమని అడగడానికి వచ్చాను."

"లేదు" అంది అక్క.

గొంతు పెంచలేదు. బిస్కెట్ల పళ్ళెం ఆమె వైపు జరిపింది. మేట్రన్ కాసేపు ఏడ్చింది. అక్క టిష్యూల పెట్టె తెచ్చి ఇచ్చింది. టీ చల్లారితే పారబోసి మళ్ళీ వేడిది పోసింది. రైలు టైము చూసి చెప్పింది. స్టేషన్ దాకా గొడుగు పట్టుకుని తనే తీసుకెళ్ళింది. మోకాలి నొప్పితో అంత దూరం ఆ ముసలామె నడకకు నడక కలుపుతూ, ఆమె భుజం తడవకుండా గొడుగు అటువైపు వంచి పట్టుకుని వెళ్ళడం నేను కిటికీలోంచి చూశాను.

అక్క తిరిగొచ్చాక నేను ఊరుకోలేకపోయాను. మేట్రన్ మీద నా కోపం కూడా అప్పటికి ఎక్కడో జారిపోయింది.

"అంత దూరం నుంచి వచ్చిందక్కా, ఆ వయసులో. క్షమించానని ఒక్క మాట అంటే పోయేది కదా."

ఆవిడ కుర్చీలో కూర్చుని తడిసిన మేజోళ్ళు ఒక్కొక్కటీ విప్పింది. వాటిని పిండి, మడిచి, పక్కన పెట్టింది.

"ఆ మాట మా నాన్నదమ్మాయ్. ఆయనది నేనెట్టా ఇస్తాను?" అంది.